తెలుగు పుస్తకాల కూర్పుకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్: లినక్స్ మింట్, లిబ్రేఆఫీస్, స్క్రైబస్‌లపై బెజవాడ నుంచి ఒక సమీక్ష

పెద్ద కంపెనీలకు నెలనెలా చందా కట్టకుండా, దొంగ కాపీలు వాడకుండా, ఎవరైనా వాడి, దిద్దుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటరులో పేజీలు కూర్చే ఒక చిన్న తెలుగు డీటీపీ కేంద్రం బతకగలదా అని విజయవాడలో ఈ వృత్తిలో ఉన్నవారు తరచుగా అడుగుతున్నారు. ఏలూరు రోడ్డుకు దగ్గరలో ఉన్న మా కేంద్రంలో ఏడాదికి పైగా విండోస్ స్థానంలో వాడే లినక్స్ మింట్ మీద, ఆఫీసు పనుల లిబ్రేఆఫీస్, పేజీలు అమర్చే స్క్రైబస్ వాడి పుస్తకాలు కూర్చిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. పుస్తకాలు, సంచికలు, కరపత్రాలు, కోర్టు కాగితాలు వంటి అక్షరమే ప్రధానమైన పనికి ఈ మూడూ చాలు, కొన్ని విషయాల్లో పాత పద్ధతికంటే మెరుగు కూడా. శుభలేఖలు, ఫ్లెక్సీలు, బహురంగుల ముఖచిత్రాలు ప్రధానంగా చేసేవారికి మాత్రం ఇవి ఇంకా పూర్తిగా సరిపోవు.

మార్పుకు తక్షణ కారణం మా కంప్యూటర్ల వయసు. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ఆపివేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ ప్రాసెసరు అయితే సుమారుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది ఉండాలన్న షరతు పెట్టింది. మా కేంద్రంలో ఉన్నవన్నీ అంతకు ముందు తరానివే. వాటిలో చెడిపోయిన భాగం ఒక్కటీ లేదు, అక్షరాలు కూర్చడానికి వాటి వేగం ఎన్నడూ తక్కువ కాలేదు. పనిచేస్తున్న యంత్రాన్ని ఎక్కడో ఉన్న ఒక కంపెనీ నిర్ణయించిన తేదీ ప్రకారం పాతసామాన్ల వారికి ఇవ్వవలసి రావడం నాకు న్యాయంగా తోచలేదు. గడువు దగ్గర పడుతుండగా లినక్స్ మింట్ 22లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకాన్ని ఎంచుకున్నాము. దానికి కనీసం 2 జీబీ ర్యామ్ చాలునని, 4 జీబీ ఉంటే మంచిదని తయారీదారులే చెబుతారు. 2024 జులైలో వచ్చిన ఈ 22 వరుసకు 2029 వరకు భద్రతా నవీకరణలు అందుతాయి.

ఎక్కించడం కష్టమేమీ కాలేదు. పెన్‌డ్రైవ్‌తో కంప్యూటరును తెరిచి, డిస్కులో ఏమీ మార్చకుండానే ముందు నడిపి చూసుకోవచ్చు. తెర, శబ్దం, నెట్టు, ప్రింటరు అన్నీ పలుకుతున్నాయో లేదో అలా తేల్చుకున్న తర్వాతే లోపలికి ఎక్కించాము. కష్టమల్లా మనుషులను ఒప్పించడంలో ఎదురైంది. మాకు ఎప్పటినుంచో మరమ్మతులు చేసే అబ్బాయి, "సార్, వేస్తే వేస్తాను గానీ, రేపు ప్రింటరు పలకకపోతే మాత్రం నన్ను పిలవకండి" అన్నాడు. అతని భయంలో న్యాయం ఉంది. గవర్నరుపేటలో కంప్యూటర్లు బాగుచేసే చోట్ల లినక్స్ తెలిసినవారు తక్కువ. ఈ లోటును మార్పు కోరేవారు ముందే లెక్కలోకి తీసుకోవాలి. కనీసం ఒకరైనా మీ కేంద్రంలోనే నేర్చుకోవడానికి సిద్ధపడకపోతే ఈ ప్రయత్నం చేయవద్దని నా సలహా.

ఇక తెలుగు సంగతి. మన ఆపరేటర్ల వేళ్ళకు అలవాటైనది యాపిల్ అనే కీబోర్డు అమరిక. ఇరవై ఏళ్ళుగా ఆ అమరికలో కొట్టినవారిని ఇన్‌స్క్రిప్టుకు మారమంటే రోజుకు కూర్చే పేజీలు సగానికి సగం పడిపోతాయి. లినక్స్‌లో ఐబస్ అనే పనిముట్టుకు ఎమ్17ఎన్ భాగాన్ని కలిపితే ఇన్‌స్క్రిప్టుతో పాటు యాపిల్, పోతన, ఆర్‌టీఎస్ అమరికలు కూడా వస్తాయి. మా ఆపరేటరు యాపిల్ అమరికనే ఎంచుకున్నారు. పాత పద్ధతిలో అక్షరాన్ని ముక్కలుగా పేర్చేవారు, అన్ని లిపులకూ ఒకే ప్రమాణమైన యూనికోడ్‌లో ఉచ్చారణ క్రమంలో కొట్టాలి, కనుక ఒత్తుల దగ్గర ఆమె వేళ్ళు కొంతకాలం తడబడ్డాయి. ముఖ్యంగా "సాఫ్ట్‌వేర్", "పార్క్‌లో" వంటి మాటల్లో పొల్లును పొల్లుగానే నిలపడానికి మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరాన్ని ఉంచాలి. లేకపోతే తర్వాత వచ్చే హల్లు దాని ముందున్న హల్లుకు ఒత్తుగా దిగిపోతుంది. పత్రికల భాషలో ఇంగ్లీషు మాటలు పెరిగిన ఈ రోజుల్లో ప్రూఫులు చూసేవారు ముందుగా గమనించవలసిన చోటు ఇదే. ఇప్పుడు ఆమెకు అది అలవాటైపోయింది.

ఫాంట్ల విషయంలో నాకు ఆశ్చర్యంతో కూడిన ఆనందం కలిగింది. సిలికానాంధ్ర తెలుగు విజయం పేరుతో విడుదలైన ఫాంట్లు, అంటే మల్లన్న, రామభద్ర, మండలి, గిడుగు, గురజాడ, సురవరం, ధూర్జటి, పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణ వంటివి, ఒకే ప్యాకేజీగా లినక్స్‌లో దొరుకుతాయి. వీటితో పాటు దేశికాచార్యులు గారి పోతన, వేమన ఫాంట్లు, లోహిత్, నోటో ఉన్నాయి. వీటిని వ్యాపారానికి వాడుకోవచ్చు, పక్కవారికి కాపీ చేసి ఇవ్వవచ్చు, లైసెన్సు షరతులకు లోబడి దిద్దుకోనూ వచ్చు. పుస్తకం లోపలి పేజీలకు మేము ఎక్కువగా మల్లన్న, మండలి వాడుతున్నాము. "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి", "దంష్ట్ర" వంటి మాటలను కొత్త ఫాంటులో ముందుగా ఒక పేజీ కొట్టి అచ్చు తీసి చూడడం మా పద్ధతి. పై వరుసలోని ఒత్తు కింది వరుసలోని గుడిని తాకుతోందా, రెండు ఒత్తులు కలిసినచోట సిరా ముద్దకడుతుందా అన్నవి తెర మీద తెలియవు, కాగితం మీదే తెలుస్తాయి. కొన్ని ఫాంట్లలో పైనా కిందా ఖాళీ ఎక్కువగా నిర్దేశించి ఉంటుంది కాబట్టి, వరుసల మధ్య దూరాన్ని యంత్రానికి వదిలేయకుండా పాయింట్లలో మనమే స్థిరపరచాలి.

నోటో ఫాంట్లకు డబ్బు పెట్టింది గూగుల్. పెద్ద కంపెనీ చేయి పడిన ప్రతిదీ పరాధీనతేనని నేను అనను. ఆ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదలయ్యాయి కాబట్టి, రేపు ఆ కంపెనీకి తెలుగు మీద ఆసక్తి తగ్గినా ఇప్పటికే మన చేతికి వచ్చినవాటిని వెనక్కు తీసుకోలేదు. అదే కంపెనీ విండోస్ కోసం ఇచ్చిన ఇన్‌పుట్ టూల్స్ మీద ఎంతమంది తెలుగు రచయితలు ఆధారపడ్డారో, దాన్ని డౌన్‌లోడుకు లేకుండా చేసిన తర్వాత కొత్త కంప్యూటరు కొన్నవారు ఎంత ఇబ్బంది పడ్డారో గుర్తుచేసుకుంటే తేడా స్పష్టమవుతుంది. ఇచ్చినవారు ఒకరే, ఇచ్చిన షరతులు వేరు.

లిబ్రేఆఫీస్‌లోని రైటరు మా పనిలో ఎక్కువ భాగం చేస్తోంది. మొదటి రోజే సరిచేసుకోవలసిన అమరిక ఒకటుంది. రైటరు తెలుగును ఇంగ్లీషు నుంచి విడిగా, సంక్లిష్ట లిపుల వర్గంలో చూస్తుంది, ఒక్కో వర్గానికి వేరే ఫాంటు, వేరే పరిమాణం ఉంటాయి. ఇది తెలియనివారికి తెలుగు వాక్యం 13 పాయింట్లలో ఉండగా మధ్యలో "1947" మాత్రం 12 పాయింట్లలో, వేరే ఫాంటులో పడి, పేజీ అంతా గళ్ళుగళ్ళుగా కనిపిస్తుంది. ఐచ్ఛికాల్లో తెలుగు భాషను చేర్చి, స్టైలులో రెండు చోట్లా ఒకే ఫాంటును, ఒకే పరిమాణాన్ని నిర్దేశిస్తే సమస్య తీరిపోతుంది. స్టైళ్ళ పద్ధతి అలవాటైన తర్వాత, అధ్యాయం శీర్షిక, పద్యం, తాత్పర్యం, ఉల్లేఖన అన్నీ ఒక్కచోట మారిస్తే పుస్తకమంతా మారతాయి. అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) తమంతట తాము పేజీ అడుగుకు చేరతాయి. పాత పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో ఒక సిద్ధాంత గ్రంథానికి అధోజ్ఞాపికలు చేత్తో పేర్చి, రచయిత మధ్యలో ఒక పేరా చేర్చినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచి జరిపినవారికి ఈ ఒక్క సౌకర్యం విలువ చెప్పనక్కరలేదు.

రచయితలు పంపే వర్డ్ ఫైళ్ళు తెరుచుకుంటాయి, కానీ పేజీల సంఖ్య మారుతుంది. దానికి ప్రధాన కారణం ఫాంట్లే. గౌతమి, వాణి, నిర్మల ఫాంట్లు విండోస్‌తో పాటు వచ్చేవి, వాటిని మనం లినక్స్‌కు తెచ్చుకునే హక్కు లేదు. వాటి స్థానంలో వేరే ఫాంటు వచ్చేసరికి వరుసలు జరుగుతాయి. పుస్తకానికి ఎలాగూ మేము మళ్ళీ కూరుస్తాము కాబట్టి మాకు నష్టం లేదు గానీ, విశ్వవిద్యాలయానికి ఇచ్చే పరిశోధన గ్రంథాన్ని రచయిత తన ఇంట్లో వర్డ్‌లో, మేము ఇక్కడ రైటరులో మార్చి మార్చి దిద్దుకునే పరిస్థితి ఉంటే చిక్కులు తప్పవు. అటువంటివారికి స్వేచ్ఛా ఫాంటు ఒకటి పంపి, వారి వైపున కూడా అదే ఎక్కించమని కోరుతున్నాము.

ఈ సమీక్షలో నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచినది పాత ఫైళ్ళ గురించి. ఆ మధ్య గుంటూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. తెలుగు ఉపన్యాసకుడిగా పనిచేసి కాలం చేసిన తన భర్త వ్యాసాలను రెండో ముద్రణ వేయించాలని ఆవిడ కోరిక. మొదటి ముద్రణ నాటి సీడీని జాగ్రత్తగా దాచి తెచ్చారు. ఫైళ్ళన్నీ క్షేమంగా ఉన్నాయి. అవి కూర్చిన కేంద్రం మూతపడింది, ఆనాటి ఫాంట్ల సాఫ్ట్‌వేర్ కూర్పు ఇప్పటి కంప్యూటర్లలో నడవదు. "పుస్తకం మాది, రాసింది మా వారు, డబ్బిచ్చి కొట్టించింది మేము. తెరుచుకోకపోవడం ఏమిటి బాబూ?" అని ఆవిడ అడిగారు. ఆ ప్రశ్నకు న్యాయమైన జవాబు ఈ వృత్తిలో ఉన్న మనమందరం చెప్పవలసి ఉంది.

లిబ్రేఆఫీస్‌లోని డ్రాలో పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరిచే సౌకర్యం 4.4 కూర్పు నుంచి ఉంది. ఆవిడ తెచ్చిన ఫైలు దానిలో తెరిస్తే పేజీల హద్దులు, శీర్షికల స్థానాలు, గీతలు చాలావరకు వచ్చాయి. అక్షరాలు మాత్రం డాలరు గుర్తులుగా, కొక్కేలుగా, నెత్తిన గీతలున్న ఐరోపా అక్షరాలుగా కనిపించాయి. కారణం ఆ ఫైలులో నిజానికి తెలుగు లేకపోవడమే. యూనికోడ్‌కు ముందుతరం ఫాంట్లన్నీ తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఉంచి, ఆ ముక్కలను పేర్చి తెలుగు రూపాన్ని చూపేవి. ఏ స్థానంలో ఏ ముక్క ఉందో ఆ ఫాంటుకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక సంస్థ ఫాంటుకూ మరో సంస్థ ఫాంటుకూ పొంతన ఉండదు. ఫాంటు పోతే పాఠం పోయినట్టే.

పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే పనిముట్లను ఔత్సాహికులు చాలాకాలంగా తయారు చేస్తున్నారు. పత్రికల వెబ్‌సైట్లు తలా ఒక ఫాంటు వాడుతున్న కాలంలో ఫైర్‌ఫాక్స్ కోసం వచ్చిన పద్మ అటువంటిదే, దాని మూలరచన (ప్రోగ్రామును రాసిన అసలు పాఠం, సోర్స్ కోడ్) అందరికీ అందుబాటులో ఉండేది. ఆ కోవకు చెందిన ఒక పనిముట్టుతో ఆ వ్యాసాలను మార్చాము. ముక్కలు కంటికి కనిపించే వరుసలో నిల్వ ఉంటాయి కాబట్టి క్రావడి, ఒత్తులు ఉన్నచోట వరుస సరిదిద్దాలి. "మ", "య", "ఘ", "ఝ" వంటి అక్షరాలు ఒకే రకం ముక్కలతో తయారవుతాయి కాబట్టి ఒకదానికి బదులు మరొకటి పడుతుంది. ప్రూఫులు రెండు విడతలు చూడవలసి వచ్చింది. అయినా మొత్తం పుస్తకం తిరిగి కొట్టించడంతో పోలిస్తే శ్రమ చాలా తగ్గింది. ఇప్పుడు ఆ పుస్తకం యూనికోడ్‌లో, ఓడీటీ ఫైలుగా ఉంది. ఓడీఎఫ్ అన్న ఈ ఫైళ్ళ పద్ధతి 2006లో ఐఎస్ఓ ప్రమాణమైంది, దాని నిర్మాణం బహిరంగం. మేము మూతపడినా, లిబ్రేఆఫీసే లేకుండా పోయినా, ఆ నిర్మాణాన్ని చదివి ఫైలును తెరిచే పనిముట్టును ఎవరైనా రాయవచ్చు. ఆవిడకు పుస్తకంతో పాటు ఆ ఫైలును, ఫాంటును కూడా పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాము. పుస్తకం కొట్టించుకునే ప్రతి రచయితా డీటీపీ కేంద్రం నుంచి ఈ రెండూ అడిగి తీసుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను.

యూనికోడ్ పాఠం చేతిలో ఉంటే కలిగే మరో ప్రయోజనం వెతకడం. సంచికకు వ్యాసాలు పంపినవారి పేర్లలో ఒకరి ఇంటిపేరు తప్పు పడిందని తెలిస్తే, అన్ని ఫైళ్ళలో ఒక్కసారిగా వెతికి దిద్దగలుగుతున్నాము. పాత పద్ధతిలో పేజీలు తిప్పి కళ్ళతో వెతకడమే దారిగా ఉండేది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు మునిగినప్పుడు మాకు తెలిసిన ఒక డీటీపీ కేంద్రం నడుం లోతు నీటిలో ఉండిపోయింది. పేజీల ఫైళ్ళు వేరే చోట భద్రంగా ఉన్నాయి. కానీ వారు కొన్న తెలుగు సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటరుకు తగిలించవలసిన తాళం (డాంగుల్) నీటిలో పాడైపోయింది. అమ్మినవారిని అడిగితే మళ్ళీ కొత్తగా కొనుక్కోవాలన్నారు. డబ్బు చెల్లించి కొన్న సరుకుకు కూడా మనం యజమానులం కాదని ఆ కుటుంబానికి వరద బురద కడుక్కుంటున్న రోజుల్లో తెలిసివచ్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఆ పరిస్థితిలో కావలసినది మరో పాత కంప్యూటరు, ఒక పెన్‌డ్రైవ్ మాత్రమే.

ఇప్పుడు స్క్రైబస్ గురించి. పేజీలో చట్రాలు గీసి, వాటిలో పాఠాన్ని, బొమ్మలను నింపే పద్ధతి కాబట్టి పేజ్‌మేకర్ తెలిసినవారికి ఇది పరాయిగా అనిపించదు. చాలాకాలం పాటు దీనిలో తెలుగు ఒత్తులు విడిపోయి పడేవి. 1.5 వరుసలో సంక్లిష్ట లిపుల మద్దతు రావడంతో ఆ దోషం తీరింది. ఆ మార్పులన్నీ కలుపుకున్న స్థిరమైన కూర్పు 1.6 2024 జనవరిలో విడుదలైంది. అంతకు ముందు ప్రయత్నించి వదిలేసినవారు మరొకసారి చూడాలి. 1/8 డెమ్మీ పుస్తకానికి మాస్టరు పేజీలు, పైన పుస్తకం పేరు, పక్కన అధ్యాయం పేరు, కత్తిరింపు గుర్తులు, అంచు దాటి పోయే రంగు, అన్నీ అమరుతాయి. నాలుగు రంగుల విభజనతో, ఫాంట్లను లోపలే పొందుపరిచి, ప్రెస్సుకు తగిన పీడీఎఫ్ ఇస్తుంది. ఒకప్పుడు ట్రేసింగ్ పేపరు మీద ప్రింటు తీసి ప్రెస్సుకు పట్టుకెళ్ళేవాళ్ళం. ఇప్పుడు ప్లేట్లు నేరుగా కంప్యూటరు నుంచే తయారవుతున్నాయి కాబట్టి, ప్రెస్సువారికి సరైన పీడీఎఫ్ అందితే అది ఏ సాఫ్ట్‌వేర్‌లో పుట్టిందన్నది వారికి పట్టదు. మా ఫైళ్ళు ఏ ప్రెస్సు నుంచీ తిరిగి రాలేదు. లోపాలు కూడా చెప్పాలి. పాఠం అంతా ఒకే గొలుసుగా వందల పేజీలు సాగితే స్క్రైబస్ బాగా నెమ్మదిస్తుంది. అందువల్ల పెద్ద పుస్తకాలను రైటరులోనే పూర్తిచేసి, సంచికలు, పత్రికలు, పటాలున్న పుస్తకాలను స్క్రైబస్‌లో చేస్తున్నాము. జనవరి పుస్తక మహోత్సవానికి ముందు డిసెంబరులో ఒత్తిడి ఎలా ఉంటుందో ఈ ఊరి డీటీపీవారికి తెలుసు. ఆ నెలలో మా పని ఈ విభజనతోనే గట్టెక్కింది.

బహురంగుల పనిలో వెలితి నిజమైనదే. బొమ్మలు దిద్దే జింప్‌లో అచ్చుకు కావలసిన నాలుగు రంగుల పద్ధతిలో నేరుగా పనిచేసే సౌకర్యం లేదు, చివరలో మార్చుకోవాలి. ఇంక్‌స్కేప్ గీతల బొమ్మలకు, తెలుగు అక్షరాల అలంకరణకు చక్కగా ఉంటుంది గానీ దానిదీ తెర రంగుల లోకమే. మన ఊరిలో శుభలేఖల నమూనాలన్నీ కోరల్ డ్రాలో ఉన్నాయి. లిబ్రేఆఫీస్, ఇంక్‌స్కేప్ వాటిని తెరవగలిగినా నీడలు, మెరుపులు సరిగ్గా రావు. ముఖచిత్రాలు మేము ఇప్పటికీ బయట చిత్రకారుల చేతే చేయించుకుంటున్నాము. అక్షరదోషాల తనిఖీ కూడా తెలుగుకు బలహీనమే. సంధులు, విభక్తులు కలిసిన మాటలను గుర్తించలేక సరైన మాటల కింద కూడా ఎర్రగీతలు గీస్తుంది. మేము దాన్ని ఆపివేసి మనిషి చేతే ప్రూఫులు చూపిస్తున్నాము.

ప్రింటర్ల విషయంలో కొనేముందే జాగ్రత్తపడాలి. కొన్ని చవక లేజరు ప్రింటర్లు తయారీదారు సొంత పద్ధతిలో తప్ప పలకవు, వాటికి లినక్స్ డ్రైవరు దొరకడం కష్టం. పోస్ట్‌స్క్రిప్టు గానీ పీసీఎల్ గానీ, ఈ ప్రింటరు భాషల్లో ఏదో ఒకటి తెలిసిన ప్రింటరు అయితే ఇబ్బంది లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలవడానికి ఒక ప్రింటరే కారణమైందన్న సంగతి అచ్చు వృత్తిలో ఉన్న మనకు తెలియడం బాగుంటుంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలకు వచ్చిన జిరాక్సు లేజరు ప్రింటరులో కాగితం తరచుగా ఇరుక్కుంటుంటే, ఆ సంగతి వాడేవారికి వెంటనే తెలిసేలా దాని ప్రోగ్రామును సవరిద్దామని రిచర్డ్ స్టాల్‌మన్ అనుకున్నారు. ఆ మూలరచన ఉన్నవారు దాన్ని ఆయనకు ఇవ్వడానికి నిరాకరించారు. 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నెల్ (వ్యవస్థకు గుండెకాయ వంటి భాగం) దానితో కలిసి నేడు మనం వాడే వ్యవస్థగా రూపుదిద్దుకుంది.

మేము విడిచిపెట్టిన సాఫ్ట్‌వేర్ చరిత్రను, ఎంచుకున్న దాని చరిత్రను పక్కపక్కన పెట్టి చూస్తే నా అభిప్రాయానికి ఆధారం కనిపిస్తుంది. పేజ్‌మేకర్‌ను 1985లో ఆల్డస్ సంస్థ తెచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొన్నది. 2001లో వచ్చిన 7.0 చివరి ప్రధాన కూర్పు, 2004లో అభివృద్ధి ఆగిపోయింది. తెలుగు అచ్చు లోకమంతా దాని మీద నిలబడి ఉన్నా, దాన్ని బాగుచేసుకునే హక్కు మనలో ఎవరికీ లేదు. 2013 నుంచి అడోబీ తన ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ల కొత్త కూర్పులను శాశ్వతంగా అమ్మడం మాని చందా పద్ధతికి మార్చింది. లిబ్రేఆఫీస్‌కు కూడా అటువంటి గండమే వచ్చింది. జర్మనీలో పుట్టిన స్టార్ ఆఫీసును 1999లో సన్ సంస్థ కొని, మూలరచనను 2000లో ఓపెన్ఆఫీస్ పేరుతో బయటపెట్టింది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. కొత్త యజమాని తీరుపై నమ్మకం కుదరని కార్యకర్తలు అదే ఏడాది సెప్టెంబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్‌ను స్థాపించి, అదే మూలరచనతో లిబ్రేఆఫీస్‌గా ముందుకు సాగారు. యజమాని మారినా వాడుకరులు రోడ్డున పడలేదు. లైసెన్సులో రాసి ఉన్న హక్కు వారిని కాపాడింది.

ఇంత చిన్న కేంద్రాన్ని ఏ పెద్ద కంపెనీ పట్టించుకుంటుందని కొందరు మిత్రులు అంటారు. 2025 జులైలో నయారా ఎనర్జీ అనే భారీ చమురు సంస్థకు, ఐరోపా సమాఖ్య విధించిన ఆంక్షల కారణంగా, మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. మన దేశంలో నడిచే ఆ సంస్థ తన ఈమెయిళ్ళ కోసం ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళవలసి వచ్చింది, ఆ తర్వాతే సేవలు పునరుద్ధరించారు. అంత పెద్ద సంస్థకు కోర్టుకు వెళ్ళే శక్తి ఉంది, మనకు లేదు. స్వదేశీ కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు మారితే సరిపోదా అన్న ప్రశ్న కూడా ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. చట్టం, కోర్టులు మన దేశంలోనే ఉండడం కొంత ధైర్యమే. కానీ మూలరచన వారి దగ్గరే ఉండి, ఫైళ్ళు వారి సర్వర్లలోనే ఉంటే మన అధీనత యజమానిని మార్చుకుంటుంది తప్ప తొలగిపోదు.

మన ఊరిలో చాలా కంప్యూటర్లలో ఉన్నవి దొంగ కాపీలని అందరికీ తెలుసు. డబ్బు కట్టడం లేదు కనుక తాము ఎవరికీ లోబడి లేమని వాటిని వాడేవారు భావిస్తారు. ఆపరేటరుకు ఆ ఒక్క సాఫ్ట్‌వేరే నేర్పించి, ఫైళ్ళన్నీ ఆ ఒక్క రూపంలోనే దాచి, నవీకరణలు లేక వైరస్‌ల మధ్య పనిచేయడం లోబడి ఉండడమే, పైగా చట్టం దృష్టిలో నేరం. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటరు చదువు ఏళ్ళ తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే సాగుతోంది. మన దగ్గర డీటీపీ నేర్పే శిక్షణ కేంద్రాలు కూడా ఫీజులోనే స్క్రైబస్, ఇంక్‌స్కేప్ చేర్చి నేర్పితే, బయటకు వచ్చే పిల్లలు సొంతంగా కేంద్రం పెట్టుకోవడానికి దొంగ కాపీల అవసరం ఉండదు. తెలుగులో సాయం కావలసినవారికి స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు ఉన్నారు. లిబ్రేఆఫీస్ మెనూలను తెలుగులో చూసుకునే వీలు కూడా ఉంది, కానీ మా ఆపరేటరు ఇంగ్లీషు మెనూలే అలవాటని వాటినే ఉంచుకున్నారు.

చందాలు కట్టనక్కరలేక మిగిలిన డబ్బులో కొంత లిబ్రేఆఫీస్, మింట్ ప్రాజెక్టులకు విరాళంగా పంపుతున్నాము. ఇందులో దయాదాక్షిణ్యాల ప్రశ్న లేదు, మా పనిముట్లకు పదును పెట్టేవారికి ఇచ్చే కూలి అది.

మారదలచినవారు వెంటనే విండోస్ తీసేయనవసరం లేదు. లిబ్రేఆఫీస్, స్క్రైబస్, ఇంక్‌స్కేప్ మూడూ విండోస్‌లో కూడా నడుస్తాయి. ముందుగా ఇప్పుడున్న కంప్యూటరులోనే వాటిని ఎక్కించి, కొత్తగా వచ్చే పుస్తకాలను యూనికోడ్‌లో మొదలుపెట్టండి. ఆపరేటరుకు అలవాటయ్యే వరకు తొందర ఉన్న పనులు పాత పద్ధతిలోనే సాగనివ్వండి. పాత ఫైళ్ళు తెరుచుకునే కంప్యూటరు ఒకటి ఇంకా పనిచేస్తుండగానే, మళ్ళీ ముద్రణకు వచ్చే అవకాశమున్న పుస్తకాలను ఏరి యూనికోడ్‌కు మార్పించి, ప్రతి పుస్తకానికి ఓడీటీ, పీడీఎఫ్ రెండూ రెండు చోట్ల దాచండి. ప్రింటరు, స్కానరు లినక్స్‌లో పలుకుతాయని పెన్‌డ్రైవ్‌తో తేల్చుకున్న తర్వాత, మొదట ఒక్క కంప్యూటరులో మాత్రమే మింట్ ఎక్కించండి. శుభలేఖల కంప్యూటరును చివరికి ఉంచండి.